పంజాగుట్ట చౌరస్తాలో సమరయులు

ముందుగా ఒక హెచ్చరిక

గోల్ఫ్ రెఫరీలు అవుదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు అమీర్‌పేటలో మా ఫ్లాటుకు వస్తుంటారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. రూల్స్ పుస్తకం ఎన్నిసార్లు చదవాలి మేడమ్ అంటారు. పుస్తకం కష్టం కాదని చెబుతాను. అందులో ఉన్నదంతా తనకు అనుకూలంగానే ఉందని ప్రతి ఆటగాడూ నమ్ముతాడు, కష్టం అక్కడ వస్తుంది. ఈ సంగతి నేర్చుకోవడానికి నేను గోల్ఫ్ దాకా వెళ్ళనక్కర లేకపోయింది. క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ఆదివారం పాపం గురించి గట్టి ప్రసంగం విన్న ప్రతి విశ్వాసీ, పాస్టరుగారు ఇవాళ పక్క బెంచీవాళ్ళకు బాగా పెట్టారనుకుంటూ తృప్తిగా ఇంటికి వెళ్ళడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను.

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువులకు ఇప్పటికీ అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఆడుకునే చోట ఎండలో నిలబడి, బంతి ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు చెప్పడం. అంతే. రెఫరీ అవసరం రానంతవరకు అందరూ నమస్కారం పెడతారు. అవసరం వచ్చాక ఒకరు మాత్రమే పెడతారు, ఎవరికి అనుకూలంగా తీర్పు వచ్చిందో వాళ్ళు.

మొదట్లో మా శిక్షణ తరగతులు అమీర్‌పేటలోనే, సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు నిండిన ఒక బిల్డింగులో గది అద్దెకు తీసుకుని పెట్టేవాళ్ళం. బయట గోల్ఫ్ రూల్స్ అని ఫ్లెక్సీ కట్టాం. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండే ఒకతను వచ్చి మధ్యాహ్నం దాకా శ్రద్ధగా విని, చివరికి లేచి, “మేడమ్, ఈ కోర్సు చేస్తే ప్యాకేజీ ఎంత వస్తది?” అని అడిగాడు. తిట్లు వస్తాయని చెప్పాను. ఇంటి నుంచి చేసే వీలుందా అని అడిగాడు. లేదన్నాను. అయినా భోజనం తర్వాత మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పక్క సెంటర్లో ఏసీ పనిచేయడం లేదట.

ఎందుకు అని అడగకు

నాకు పని నేర్పింది థామస్ సార్. నౌకాదళంలో చేసి రిటైరై వచ్చిన మలయాళీ. ఆయన ముందు కూర్చున్నవాళ్ళెవరూ రెండో కప్పు టీ అడగడం నేను చూడలేదు.

ఒకసారి క్లబ్బు పోటీలో ఒక పారిశ్రామికవేత్త కొట్టిన బంతి, చెట్టు నీడన పడుకున్న కుక్క పక్కకు వెళ్ళి ఆగింది. మేము చేరేసరికి కుక్క లేదు, బంతి కూడా ఆయన చెబుతున్న చోట లేదు. కుక్క కాలితో తన్నిందనీ, అంతకుముందు మంచి గడ్డిలో ఉండేదనీ, దాన్ని పెంచుతున్న క్యాంటీను వాళ్ళను ఏం చేయాలో తనకు తెలుసుననీ ఆయన చాలాసేపు చెప్పారు. థామస్ సార్ అంతా విని, “బంతి ముందు ఎక్కడుంది?” అన్నారు. ఆయన మళ్ళీ కుక్క దగ్గర మొదలుపెట్టారు. సార్ మళ్ళీ అదే ప్రశ్న వేశారు. మూడోసారికి గాని ఆయన వేలు పెట్టి చూపించలేదు. చూపించిన చోట గడ్డి ఏమంత బాగా లేదు. బంతి అక్కడే పెట్టించి వచ్చేశాం.

దారిలో సార్ నాకు చెప్పిన మాట ఇది. ఎక్కడ అని అడుగు, ఎప్పుడు అని అడుగు, ఏం చేశావు అని అడుగు. ఎందుకు అని మాత్రం అడగకు. ఎందుకు అని అడిగితే గోల్ఫర్ కథ చెబుతాడు, నువ్వు ఆ కథ మీద తీర్పు ఇస్తావు.

నాకిది అప్పుడు నచ్చలేదు. మా విశ్వాసంలో ఎందుకు అన్నదే అసలు ప్రశ్న. దేవుడు హృదయాన్ని చూస్తాడని సండే స్కూల్లో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినదాన్ని నేనే. ఆ మాటే సార్‌తో అంటే ఆయన నవ్వి, హృదయాన్ని చూసే రెఫరీ పోస్టు ఖాళీ లేదన్నారు.

హోటలు ఎంపిక

ఇక అసలు విషయం. కొన్నేళ్ళ కిందట ఒక అంతర్జాతీయ అమెచ్యూర్ జట్ల చాంపియన్‌షిప్ మన ఊళ్ళో జరిగింది. అమెచ్యూర్ అంటే డబ్బు కోసం కాక ఆట కోసం ఆడేవాళ్ళు. డబ్బు లేకపోతే పంతం రెట్టింపు ఉంటుందని ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

పోటీ పద్ధతి తేలిక. ప్రతి దేశానికీ ముగ్గురు ఆటగాళ్ళు. నాలుగు రోజులు ఆడతారు. తక్కువ దెబ్బల్లో, అంటే తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాడు మేలు. రోజూ ముగ్గురూ ఆడినా మెరుగైన రెండు స్కోర్లే జట్టుకు కలుపుతారు, మూడోది పక్కన పడేస్తారు. ఆ మూడోవాడు కూడా అదే ఎండలో అన్ని గంటలూ నడుస్తాడు. సాయంత్రం బోర్డు మీద అతని స్కోరుకు అడ్డగీత ఉంటుంది.

మన జట్టులో ఒకరు ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాడు. ఇద్దరు మనవాళ్ళు. శ్రీనగర్ కాలనీ నిఖిల్, పేపర్లలో ఫొటో పడేవాడు. అమీర్‌పేట వెనక గల్లీల్లో వాళ్ళ నాన్నకు టైల్స్ దుకాణం ఉన్న ఇమ్రాన్. మూడు రోజులూ అడ్డగీత ఇమ్రాన్ స్కోరుకే పడింది. చివరి రోజుకు మన జట్టు మొదటి స్థానంలో ఉంది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక జట్టు మన వెనకే ఉంది.

నేను చీఫ్ రెఫరీని. నిర్వాహక సంఘానికి చైర్మన్ కృష్ణమూర్తిగారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడిన మనిషి. కంఠం పెద్దది, చెయ్యి పెద్దది, మనసు కూడా చిన్నదేమీ కాదు. ఒక్క లోపం, తాను తలుచుకుంటే ట్రాఫిక్ కూడా తొలగుతుందని నమ్మేవారు. అందుకే ఊరి చివర గచ్చిబౌలి దాటాక ఉన్న కోర్సులో ఆటపెట్టి, జట్లన్నిటికీ పంజాగుట్టలో హోటలు బుక్ చేయించారు. విదేశీయులకు షాపింగుకు బాగుంటుందన్నారు. హోటలు ఆయన వియ్యంకుడిదని తర్వాత తెలిసింది. షాపింగ్ మాత్రం నిజంగానే బాగా జరిగింది.

నేను చెప్పిన పాఠం

పోటీకి ముందు సాయంత్రం ఆ హోటల్లోనే జట్ల మేనేజర్లతో సమావేశం పెట్టాం. ఉదయం బండ్లు ఎప్పుడు బయలుదేరాలన్న దాని మీద నేను ఎక్కువ సేపు మాట్లాడాను. ఎవరి సమయానికి వాళ్ళు మొదటి హోల్ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఐదు నిమిషాల లోపు ఆలస్యమైతే రెండు స్ట్రోకుల పెనాల్టీ. అంతకు మించితే ఆ రోజు ఆటకు అనర్హుడు. ట్రాఫిక్ జామ్ సాకు కాదు, దారి తప్పడం సాకు కాదు, బండి చెడిపోవడం సాకు కాదు.

ఎక్కడైనా మినహాయింపు ఉందా అని ఒకరు అడిగారు. ఉంది. ఆ మినహాయింపంటే నాకు చెప్పలేనంత ఇష్టం. దారిలో ప్రమాదం జరిగితే, ఆగి గాయపడినవాళ్ళకు వైద్య సహాయం చేసినవాడికి, లేదా సాక్షిగా నిలబడాల్సి వచ్చినవాడికి ఆలస్యం మాఫీ చేయవచ్చు. అదే ప్రమాదం వల్ల వెనక జామ్‌లో చిక్కుకున్నవాడికి మాఫీ లేదు. బైబిలు కథలో, దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి పక్కగా పోయిన యాజకుడూ, గుడి సేవకుడైన లేవీయుడూ ఒక వంక, ఆగి గాయాలు కట్టిన సమరయుడు ఇంకో వంక. ఆ కథ ఏ మార్పూ లేకుండా గోల్ఫ్ రూల్స్‌లోకి వచ్చి కూర్చుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ సాయంత్రం ఉత్సాహం పట్టలేక కథంతా చెప్పేశాను. వైద్య సహాయం అన్న మాట రెండుసార్లు నొక్కి చెప్పాను.

అందరూ శ్రద్ధగా విన్నారు. మన జట్టు మేనేజరు వంశీ ఫోన్లో రాసుకున్నాడు కూడా. వాక్యం మంచి నేలన పడిందని నేను సంతోషించాను. ఏ మొలక వస్తుందో అప్పుడు తెలియదు కదా.

చివరి రోజు ఉదయం

తూర్పు ఆసియా జట్టు మేనేజరు మొదటి రోజే పంజాగుట్ట చౌరస్తాను చూసి జడుసుకున్న మనిషి. చివరి రోజు తెల్లవారకముందే తన ముగ్గురినీ కోర్సుకు తెచ్చేసి, అక్కడి బెంచీల మీద పడుకోబెట్టాడు. మన జట్టు వాన్ మాత్రం టిఫిన్లయ్యాక బయలుదేరింది. మన ఊరు కదా, మనకు తెలియని ట్రాఫికా అన్నాడట వంశీ.

ఇమ్రాన్ సమయం ముందు. ఆట మొదలుపెట్టించే స్టార్టరు అతని పేరు పిలిచాడు, ఆగాడు, మళ్ళీ పిలిచాడు. ఐదు నిమిషాలు దాటాయి. అతని బృందంలో, అంటే అతనితో కలిసి ఆడాల్సిన వేరే దేశాల ఇద్దరూ, ఆట మొదలుపెట్టి వెళ్ళిపోయారు. తర్వాత బృందంలో నిఖిల్. అతని సమయమూ దాటింది, కాని ఐదు నిమిషాలు నిండక ముందే వాన్ వచ్చి ఆగింది. నిఖిల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు స్ట్రోకులు పడతాయని చెప్పి, ఆడమన్నాను. ఢిల్లీ కుర్రాడి సమయం ఇంకా దూరం కాబట్టి అతనికి ఇబ్బంది లేదు.

ఇమ్రాన్ ఏడని అడిగాను. వంశీ ఊపిరి తీసుకుని, “యాక్సిడెంట్ అయిందండీ మేడమ్. చౌరస్తాలో. మనవాళ్ళు వైద్య సహాయం చేశారండీ” అన్నాడు.

నా మాటలే నా దగ్గరికి తిరిగి వచ్చాయి.

మనవాళ్ళు అంటే ఎవరని అడిగాను. ముగ్గురూ అన్నాడు. ఏం చేశారని అడిగాను. నిఖిల్ నీళ్ళ సీసా ఇచ్చాడన్నాడు. దిగి ఇచ్చాడా, కిటికీలోంచి ఇచ్చాడా అంటే, “అదీ... కిటికీలోంచేనండీ. కాని మనస్ఫూర్తిగా ఇచ్చాడు” అన్నాడు. ఢిల్లీ కుర్రాడు ఏం చేశాడంటే చాలా బాధపడ్డాడన్నాడు.

కథలో యాజకుడు కనీసం అబద్ధమాడలేదు. చూశాడు, పక్కగా పోయాడు. మన పంజాగుట్టలో ఆ ఉదయం లేటైన ప్రతి ఒక్కరూ సమరయులే.

అంతలో ఒక బైకు మీద ఇమ్రాన్ వచ్చాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా దోశ పిండి. గడ్డిలో జారకుండా బూట్ల కింద ఉండే ముళ్ళ మధ్య కూడా పిండి ఎండిపోయి ఉంది. బ్యాగుకు కట్టుకునే టవలు లేదు. ఎడమ చేతికి గోల్ఫ్ గ్లోవు మాత్రం ఉంది, ఎర్రగా మరకలతో. పోటీ రోజు చెయ్యి కుదురుగా ఉంటుందని గ్లోవు హోటల్లోనే తొడుక్కుని రావడం అతని అలవాటు.

అతను మాఫీ అడుగుతాడని ఎదురుచూశాను. అతనే వేరే మాట ఎత్తుకున్నాడు.

“మేడమ్, ముందే చెప్తున్న. నేను హెల్ప్ చేద్దామని దిగలే. నా టైం దాటిపోతున్నది, వాన్ కదుల్తలేదు. బైకు పట్టుకొని వద్దామని దిగిన. జర ముందటికి పోతే యాదమ్మ పడి ఉన్నది.”

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళకు స్కూటీ మీద దోశ పిండి వేసే ఆమె పేరు యాదమ్మ. వెనక నుంచి ఏదో కారు తగిలించి ఆగకుండా పోయింది. పిండి డబ్బాలు బోల్తాపడి రోడ్డంతా తెల్లగా అయింది. చుట్టూ మనుషులు నిలబడి ఫోన్లలో తీస్తున్నారు.

“పక్క నుంచి పోతుంటే ఒకాయన నా గ్లోవు చూసిండు. తెల్ల బట్టలు, చేతికి గ్లోవు. దవాఖాన పక్కనే కదా మేడమ్. డాక్టర్ సాబ్ వచ్చిండు, జరగండి జరగండి అని నన్ను గుంజి ఆమె ముందట కూసోబెట్టిన్రు. నేను కాదన్న. వినలే. ఆమె సుత నా చెయ్యి పట్టుకున్నది. ఇంక ఏం చేస్త?”

టవలు చింపి కాలికి కట్టాడు. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి నుంచి బైకు పట్టుకుని వచ్చాడు. ఇంత చెప్పి, “కాబట్టి నాది ఆ రూల్‌ల రాదు మేడమ్. డిస్‌క్వాలిఫై అంటే అనండి” అన్నాడు. దేశం తరఫున ఆడటం అతనికి అదే మొదటిసారి. మూడు రోజులూ అడ్డగీతలే. ఈ ఒక్క రోజే మిగిలింది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి. స్పీకర్ పెట్టమన్నాను. ఒక నర్సు గొంతు కోపంగా, పేషెంటును దింపి చెప్పకుండా వెళ్ళిపోయారేంటి డాక్టరుగారూ, ఇంజెక్షన్ ఇచ్చారా లేదా, మీరు ఏ డిపార్ట్‌మెంటు అని అడిగింది. ఇమ్రాన్ నా వైపు చూశాడు. ఏ డిపార్ట్‌మెంటని చెప్పాలో నాకూ తెలియలేదు.

ఒకరు చేస్తే ముగ్గురు చేసినట్టే

రెఫరీల టెంటులోకి కృష్ణమూర్తిగారు వచ్చారు. విషయం ఆయనకు అప్పటికే చేరింది. ఇమ్రాన్‌కు మాఫీ ఇవ్వబోతున్నానని చెప్పాను. వివరాలు సరిపోయాయి. ఎక్కడున్నాడో, ఏం చేశాడో తెలిసింది. ఏ ఉద్దేశంతో వాన్ దిగాడన్నది రూలు అడగలేదు. ఆ కథలో కూడా సమరయుడు ఏ పని మీద ఆ దారిన పోతున్నాడో ఎవరూ అడగలేదని, ఇన్నేళ్ళు దాన్ని పాఠంగా చెప్పిన నాకు ఆ టెంటులోనే మొదటిసారి తట్టింది. థామస్ సార్ ఉంటే నవ్వేవారు.

కృష్ణమూర్తిగారు ఇమ్రాన్ సంగతి చేత్తో తోసేశారు. “ఆ పిల్లాడి స్కోరు ఎలాగూ లెక్కలోకి రావడం లేదు కదండీ. నిఖిల్ సంగతి చూడండి. ఆ రెండు స్ట్రోకులు తీసేయండి.”

కిటికీలోంచి నీళ్ళ సీసా ఇవ్వడం ఆలస్యానికి కారణం కాదన్నాను. నీళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ వాన్ అక్కడే ఉండేది.

అప్పుడాయన కుర్చీ లాక్కుని కూర్చుని, నా జీవితంలో నేను విన్న అతి గట్టి వాదన చేశారు. ఆయనకు అది గట్టిదని తెలియదు.

“మేడమ్‌గారూ, ఇది టీమ్ చాంపియన్‌షిప్. ఒకడు తప్పు చేస్తే ముగ్గురూ మునుగుతారు కదా? అలాగే ఒకడు మంచి చేస్తే ముగ్గురికీ రావాలి. ఇమ్రాన్ చేసిన పుణ్యం టీముది. అందులోంచి ఆ రెండు స్ట్రోకులు నిఖిల్‌కు ఇవ్వండి. ఒకడు చేస్తే ముగ్గురు చేసినట్టే.”

టెంటులో మిగతా రెఫరీలు నవ్వు ఆపుకున్నారు. నేను మాత్రం నిర్ఘాంతపోయాను. ఎందుకంటే నేను నమ్మేది అచ్చంగా అదే. సిలువ మీద చనిపోయిన ఒకని నీతి, ఏమీ చేయనివాళ్ళ ఖాతాలో పడుతుంది. నేను రక్షణ పొందానని ప్రతి ఆదివారం పాడుతున్నది ఆ ఒక్క ఆధారం మీదే. గుడి మెట్లు ఎక్కినా గొప్ప వేదాంతం ఎన్నడూ ఎత్తని కృష్ణమూర్తిగారు, నా విశ్వాసం మొత్తాన్ని తీసుకొచ్చి గోల్ఫ్ టెంటులో నా ముందు పెట్టారు. దాన్ని నేను కాదనాలి.

“చైర్మన్‌గారూ, ఒకరి మంచి ఇంకొకరికి లెక్కవుతుందని నేనూ నమ్ముతాను. మీకంటే ఎక్కువ నమ్ముతాను. అలా ఇచ్చే అధికారం ఒకాయనకే ఉంది. నాకు లేదు.”

“అయితే మీ దేవుడికంటే మీరే కఠినం అన్నమాట.”

“అవునండీ. ఆయన తన రూల్స్ తాను రాసుకున్నాడు. నావి వేరేవాళ్ళు రాశారు.”

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆయనను నేను తప్పుపట్టను. సొంత జట్టు గెలవాలని కోరుకోవడం పాపం కాదు. ఈ వృత్తిలో నాకు ఎదురైన పెద్దమనుషుల్లో చాలామంది రూల్ చదవకుండా అరిచినవాళ్ళు. ఈయన కనీసం ఆలోచించి అరిచారు.

ఇమ్రాన్‌ను చివరి బృందం వెనక, స్కోరు చూసే ఒక మనిషిని తోడిచ్చి పంపించాం. ప్యాంటు మార్చుకోవడానికి సమయం అడిగాడు. ఇవ్వలేదు. అది మాఫీలో భాగం కాదు.

ఫలితం

ఇక్కడ మీరు ఇమ్రాన్ ఆ రోజు అద్భుతంగా ఆడాడని ఎదురుచూస్తుంటారు. బాగానే ఆడాడు. మునుపటి మూడు రోజులకంటే మెరుగ్గా ఆడాడు. అయినా రెండు స్ట్రోకులు కలిపిన నిఖిల్ స్కోరు కన్నా ఇమ్రాన్ స్కోరు ఒకటి ఎక్కువ వచ్చింది. నాలుగో రోజూ అడ్డగీత అతనికే పడింది.

మన జట్టు ఒక్క స్ట్రోకు తేడాతో ఓడిపోయింది.

లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బోర్డు కింద నిలబడ్డ ప్రతి ఒక్కరూ వేశారు, వేసి నా వైపు తిరిగారు. కృష్ణమూర్తిగారు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నారు. “మీరు వదిలిపెట్టినవాడు పనికి రాలేదు. మీరు పట్టుకున్నవాడు మనల్ని ముంచాడు. ఇంత కరెక్టుగా ఎలా చేశారండీ?” ఆ తర్వాత నాకు పెద్ద పోటీలు రావడం తగ్గింది. రిటైరయ్యేదాకా ఎక్కువగా జిల్లాల్లో జూనియర్ల ఆటలే చూశాను. అక్కడ టీ బాగుండేది.

బహుమతుల తర్వాత నిఖిల్ నా దగ్గరికి వచ్చాడు. నన్ను తిట్టడానికేమో అనుకున్నాను. చేతిలో వెండి పతకం తిప్పుతూ, “మేడమ్, ఆ వాటర్ బాటిల్ కూడా నేను ఇవ్వలేదు. డ్రైవరన్న ఇచ్చాడు. నేను కిటికీ మూసుకున్నాను. ఏసీ పోతోందని” అన్నాడు.

పొద్దున ఈ మాట చెప్పి ఉన్నా నా తీర్పు మారేది కాదు. అతనికీ తెలుసు. తెలిసే చెప్పాడు కాబట్టి ఆ పిల్లవాడంటే నాకు గౌరవం కలిగింది. థామస్ సార్ నేర్పిన నియమం ప్రకారం ఎందుకు చెప్పావని అడగలేదు.

ఇమ్రాన్ మాత్రం బహుమతుల దాకా ఉండలేదు. ఆస్పత్రికి వెళ్ళాడు. మర్నాడు ఫోన్ చేసి, టవలు కట్టు తప్పుగా కట్టానని అక్కడి డాక్టరు బాగా తిట్టాడని చెప్పాడు. కాలులో రాడ్ వేశారనీ, రెండు మూడు రోజుల్లో పంపిస్తారనీ, యాదమ్మ పిండి డబ్బాల గురించే అందరినీ అడుగుతున్నదనీ చెప్పాడు. అతనికి అప్పటికే ఆమె తన చెల్లెలి పెళ్ళి సంబంధాల గురించి కూడా చెప్పేసిందట.

సాక్ష్యం

రెండు మూడు నెలల తర్వాత ఒక ఆదివారం మా సంఘంలో సాక్ష్యాల సమయం వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. వీసా వచ్చినవాళ్ళు, షుగరు తగ్గినవాళ్ళు, ఎస్.ఆర్. నగర్‌లో మూడేళ్ళు వెతికాక ఉద్యోగం దొరికినవాళ్ళు లేస్తారు. కష్టంతో మొదలై విజయంతో ముగుస్తుంది. విజయం చెప్పగానే కీబోర్డు వాయించే తమ్ముడు ఒక స్వరం అందుకుంటాడు, అందరూ స్తోత్రం అంటారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. నేనూ ఎన్నోసార్లు ఆ స్వరానికి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రోజు నేను లేచాను. పంజాగుట్ట చౌరస్తా, వాన్, గ్లోవు, అన్నీ చెప్పాను. తానేమీ మంచి చేయలేదని చెప్పిన పిల్లవాడి గురించి చెప్పాను. నా మీద ఎంత ఒత్తిడి వచ్చిందో, నేను ఎలా నిలబడ్డానో కొంచెం ఎక్కువే చెప్పాను. సంఘమంతా ముందుకు వంగింది. తమ్ముడి వేళ్ళు కీబోర్డు మీదికి చేరాయి.

“మరి మన జట్టు గెలిచిందా అమ్మా?” అన్నారు పాస్టరుగారు, మైకులో.

“లేదండీ. ఒక్క స్ట్రోకుతో ఓడిపోయింది. నేను వేసిన పెనాల్టీ వల్లే.”

తమ్ముడు వేళ్ళు తీసేశాడు. ఎవరో వెనక నుంచి స్తోత్రం అనబోయి, అనవచ్చో లేదో తేలక ఆపేశారు. పాస్టరుగారు దేవుని చిత్తం అని, ఇంకెవరికైనా సాక్ష్యం ఉందా అని అడిగారు. ఒక అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. కీబోర్డు మోగింది.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర మరియమ్మగారు నన్ను పట్టుకున్నారు. సంఘంలో అందరికంటే పెద్దావిడ. చెవులు సరిగా వినపడవని అందరూ అనుకుంటారు.

“ఇందాక రోడ్డు మీద పడ్డదని చెప్పినవు, ఆమె ఎట్లుంది బిడ్డా?”

రాడ్ వేశారని, ఇంటికి వెళ్ళిందని, కర్ర పట్టుకుని నడుస్తోందని, మళ్ళీ హాస్టళ్ళకు పిండి వేయడం మొదలుపెట్టిందని చెప్పాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యేసి చెప్పులు వెతుక్కుంటూ అన్నారు. “మరి లోపల ఆమె సంగతి చెప్పకపోతివి. ఆట ముచ్చటే చెప్తివి. గా సంగతి చెప్పుంటే నేనే లేచి స్తోత్రం అందును గదా.”